తండ్రి సొమ్మును ఆపడం అవిధేయతేనా?

కొండాపూర్‌లో స్థలాలు కోట్లు పలుకుతున్న రోజులివి. డెబ్బై ఏళ్ల తండ్రి రోజుల తరబడి నిద్ర మాని, అలుపు లేకుండా మాట్లాడుతూ, ఉన్న స్థలమంతా మస్జిద్‌కు రాసిస్తానంటే కొడుకు ఏం చేయాలి? కొన్ని నెలలకు అదే తండ్రి మంచం దిగకుండా కుమిలిపోతే?

ఇలాంటి మార్పును ఈమాన్ పెరగడంగానో తరగడంగానో భావించరాదు. బైపోలార్ డిజార్డర్ అనే జబ్బు కావచ్చు. వృద్ధాప్యంలో తొలిసారి కనిపిస్తే పక్షవాతం, థైరాయిడ్, వాడుతున్న మందులు వంటి కారణాలను కూడా వైద్యులు పరిశీలిస్తారు.

తల్లిదండ్రులను విసుక్కోవద్దన్న దైవాజ్ఞ (బనీ ఇస్రాయీల్: 23) అందరికీ తెలుసు. అయితే వివేకం లేనివారి చేతికి ధనం అప్పగించవద్దని, దానితోనే వారికి తిండి, బట్ట సమకూర్చి మంచిగా మాట్లాడమని చెప్పింది కూడా ఖుర్ఆనే (అన్నిసా: 5). కనుక ఆ స్థితిలో కాగితాలు దాచడం అవిధేయత కాదు. కసురుకోవడం, నలుగురిలో పిచ్చివాడనడం అవిధేయత. మస్జిద్ కమిటీ కూడా అలాంటి దానం అందుకోరాదన్నదే మా అభిప్రాయం.

మరి వివేకం తప్పిందని తేల్చేదెవరు? ఆ ఆస్తికే వారసుడైన కొడుకు కారాదు. వైద్యుని మాట, ఆలిమ్ సలహా తీసుకోవాలి. పైగా ఈ జబ్బు వస్తుంది, తగ్గుతుంది. ఫుఖహాలు మతి తప్పిన స్థితిని, తేరుకున్న స్థితిని వేరుగానే చూశారు. తండ్రి తేరుకున్న రోజున కాగితాలు ఆయన చేతికే ఇవ్వాలి. అప్పుడూ అట్టిపెట్టుకుంటే అది కాపలా కాదు, అమానత్‌లో ఖియానత్.

ఆయన కుదురుగా ఉన్నప్పుడే ఆయన ఇష్టం అడగడం మేలు. తన చికిత్స ఎలా జరగాలో ముందే రాసిపెట్టుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఇచ్చింది.

తల్లిదండ్రుల సొమ్మునూ గౌరవాన్నీ కలిపి కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.