పడవల దారిన ఒక ఆదివారం

ఈ ఆదివారం తిరుపతి నుంచి తూర్పుకు, సముద్రం దాకా వెళ్ళిరండి. వాకాడు మండలంలో దుగరాజపట్నం ఉంది. 1639లో మద్రాసుకు చేరకముందే ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తకం చేసింది. ఆ తీరం వెంబడే బకింగ్‌హామ్ కాలువ. ఉప్పు, ధాన్యం, కట్టెలు మోసుకుంటూ పడవలు దీనిమీదే మద్రాసు వెళ్ళేవి. 1876–78 నాటి ధాత కరువులో, మద్రాసు నగరంలోని కాలువ భాగాన్ని ఆకలితో వచ్చిన జనం తవ్వారు. పేరేమో గవర్నరుది పెట్టారు. తట్టలు మోసినవాళ్ళను తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఆ కాలువ గట్టుమీద కాసేపు మౌనంగా కూర్చోండి. తిరిగొచ్చేటప్పుడు సూళ్ళూరుపేట మీదుగా రండి. చలికాలమైతే పులికాట్ సరస్సు నీళ్ళలో ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి.