చెయ్యి లేనివాని చిత్తము

చెయ్యి తెగిపోయినవానియందు దానిని ఆడించు చిత్తము కూడ తెగిపోవునా?

అమెరికాలోని టెనెసీ రాష్ట్రములో జెస్సీ సలివన్ అను కరెంటు లైన్‌మన్ 2001లో విద్యుద్ఘాతము తగిలి రెండు చేతులును భుజములవరకు పోగొట్టుకొనెను. 2002లో చికాగోలో టాడ్ కూకెన్ అను వైద్యుడును ఆయన తోటివారును, పూర్వము చేతికి పోవుచుండిన నరములను అతని రొమ్ము కండరములకు త్రిప్పి కలిపిరి. కొన్ని నెలలకు అవి అచ్చట నాటుకొనెను. పిమ్మట అతడు పిడికిలి ముడువవలెనని తలంచినప్పుడెల్ల రొమ్ముకండ ముడుచుకొనుచుండెను. చర్మముమీద ఉంచిన లోహపు బిళ్లలు ఆ కండలోని స్వల్ప విద్యుత్తును పసికట్టగా, మరచేతిలోని మోటార్లు కదలెను. అంతకంటె వింత యేమనగా, రొమ్మును తాకినప్పుడు లేని చేతిని తాకినట్లు అతనికి తోచెను!

చూచితిరా, నరము ఆజ్ఞను మోయుట మానలేదు. అందుకొను కండయే లేకపోయెను.

మనమో, చెరకు గానుగలోనో నూర్పిడి యంత్రములోనో చెయ్యి పోయినవానిని పనికిరానివాడందుము. పాపఫలమనువారును కలరు. (పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు అడిగినదియు ఇదే, ప్రభువు ఒప్పుకొనలేదు.) ఇచ్చు తలంపైనను దొంగిలించు తలంపైనను చేతికంటె ముందు పుట్టును. మరచెయ్యి దొంగిలించినచో ఇనుమును చెరసాలలో వేయుదురా?

అట్టి చేతుల వెల మన పల్లెలకు అందునది కాదు. అయితే మీ సంఘములో ఒంటిచేతివాడున్నచో, ఆదివారమున కానుక సంచి పట్టుమని అతని నెవరైన అడిగిరా? దానికి ఒక చెయ్యి చాలును.