గుప్పిట్లో గవ్వలు

పన్నెండో శతాబ్దపు అద్వైతి శ్రీహర్షుడు 'ఖండనఖండఖాద్యం'లో ఒక చిక్కు లేవదీశాడు. మన శ్రీనాథుడు తెనిగించిన నైషధం రాసింది ఈయనే. ఒకడు గుప్పిట్లో గవ్వలు దాచి ఎన్నని అడుగుతాడు. ఎదుటివాడు నోటికొచ్చినట్టు ఐదంటాడు. విప్పి చూస్తే ఐదే ఉంటాయి. చెప్పింది నిజమే, కానీ దాన్ని జ్ఞానమనవచ్చా? ఆన్‌లైన్ పాఠాల కాలంలో ఈ చిక్కు ఇంకో మలుపు తిరిగింది. బ్రౌజర్‌లో టాంపర్‌మంకీ లాంటి ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, ఎవరో రాసిన స్క్రిప్టు అందులో అతికిస్తే గుప్పిట దానంతటదే తెరుచుకుంటుంది. కొన్ని వేదికలు ప్రశ్నతోపాటు సరైన జవాబును కూడా విద్యార్థి కంప్యూటర్‌కే పంపేస్తాయి. తెరమీద కనబడని ఆ జవాబును స్క్రిప్టు చదివి, నాలుగు ఆప్షన్లలో ఒకదాని చుట్టూ పచ్చగీత గీస్తుంది. వేలు అక్కడ నొక్కుతుంది. ప్రశ్న చదివే పని కూడా ఉండదు.

ఇలా వచ్చిన జవాబు జ్ఞానమే కాదని పెద్దలు మందలిస్తారు. ఆ మందలింపు నిలవదు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానంతోపాటు శబ్దాన్నీ ప్రమాణమన్నారు, అంటే జ్ఞానానికి దారి అన్నారు. నమ్మదగినవాడు చెప్పిన మాట విని తెలుసుకున్నా అది తెలివిడే. బల్లమీద పంతులు రాసిన జవాబు చూసి నేర్చుకోవడం తప్పు కానప్పుడు, వేదిక సొంత 'కీ' చూడటం ఎందుకు తప్పవుతుంది? ఇంటి దగ్గర సాధన చేసుకునేటప్పుడైతే తప్పు కాదనే అంటాను. తప్పు 'సబ్మిట్' నొక్కిన క్షణంలో పుడుతుంది. ఆ నొక్కుడులో రెండు మాటలున్నాయి: జవాబు ఇది, దీన్ని నేనే తేల్చాను. మొదటిది నిజం, రెండోది అబద్ధం. మార్కు పడేది రెండో మాటకే. శబ్దాన్ని ప్రమాణంగా నిలబెట్టేది చెప్పేవాడి ఆప్తత్వం, అంటే నమ్మదగినతనం. తన గురించి తానే అబద్ధం చెప్పిన విద్యార్థి దాన్ని పోగొట్టుకుంటాడు.

ఇరవై మార్కుల క్విజ్‌కు ఇంత ధర్మవిచారమా అనిపించవచ్చు. చిన్న మార్కు ఎంత బరువు మోయాల్సి వస్తుందో 2020 జూన్‌లో చూశాం. కరోనా వల్ల తెలంగాణలో పదో తరగతి మిగిలిన పరీక్షలు రద్దయ్యాయి. 5 లక్షలమందికి పైగా పిల్లలకు బడిలో వేసిన ఇంటర్నల్ మార్కులే గ్రేడ్లయ్యాయి. ఇంజినీరింగ్ పిల్లలు చేసే ఎన్‌పీటెల్ కోర్సుల్లో వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకు తుది మార్కులో 25 శాతం వాటా ఉంది. రేపు భూపాలపల్లి బొగ్గుగనిలోనో, చెల్పూరు విద్యుత్ కేంద్రంలోనో పక్కవాడి ప్రాణం అలాంటి మార్కులతో వచ్చిన కాగితం చెప్పిన మాటను నమ్ముకునే ఉంటుంది.

కోర్సే పనికిమాలినదైతే? జవాబును బ్రౌజర్‌లో వదిలేసింది వేదికే కదా? రెండూ సరైన ఫిర్యాదులే. జవాబు సరిచూసే పని సర్వర్‌లో జరగాలి, ఆ లోపం కట్టినవాళ్లదే. అర్థంలేని కోర్సును నిలదీయాల్సిందే. అయితే తలుపు తీసి ఉన్నంత మాత్రాన ఇంట్లో సొమ్ము మనదైపోదు. పనికిమాలిన కోర్సు నేర్చుకున్నానని అబద్ధమాడితే ఆ కోర్సుకే బలం చేకూరుతుంది. అందరికీ నూటికి నూరు వస్తుంటే దాన్ని మార్చమని అడిగేదెవరు?

జనగామ జిల్లా బమ్మెరలో పోతన గురించి చెప్పుకునే కథ ఇక్కడ దారి చూపుతుంది. గజేంద్రమోక్షంలో పద్యం సాగక ఆయన లేచి వెళితే, రాముడే వచ్చి పూర్తిచేశాడట. పోతనకూ జవాబు బయటినుంచే వచ్చింది. కానీ అది తనదని ఆయన అనలేదు, పలికించినవాడు రాముడేనని భాగవతం మొదట్లోనే చెప్పుకున్నాడు. అందిన సాయాన్ని ఒప్పుకుంటే భక్తి, దాచి మన పేరు పెట్టుకుంటే దొంగతనం.

ఒప్పుకోలుకు ఇంకో విలువ కూడా ఉంది. మహబూబాబాద్ తండాలో ఓ పిల్లకు భిన్నాల కూడిక రాలేదనుకుందాం. ఆమె పెట్టిన తప్పు జవాబు పంతులుకు ఒక నిజం చెబుతుంది: ఈ పాఠం మళ్లీ చెప్పాలి అని. పచ్చగీత మీద నొక్కితే ఆ నిజం మాసిపోతుంది. పంతులు తర్వాతి పాఠానికి వెళ్లిపోతాడు, ఆ పిల్ల ఒక్కతే భిన్నాల దగ్గర ఆగిపోతుంది.