పూజామందసము ఎవరి చేతికి?

గృహస్థుడు కన్నుమూయుటకు ముందు పొలము, ఇల్లు, బంగారము ఎవరికి చెందవలెనో వ్రాయించును. పూజామందసమునందలి సాలగ్రామములను, అటకమీది తాళపత్ర గ్రంథములను గూర్చి వ్రాయించువారు మిక్కిలి అరుదు. అవి ఆస్తి కావను భావమే దీనికి కారణము.

చిలమత్తూరు వంటి మెట్టగ్రామములలో ఈ చిక్కు మరింత తీవ్రము. వానలు తప్పినందున పడుచువారు హిందూపురమునకో, బెంగుళూరునకో తరలిపోవుదురు. వృద్ధుల అనంతరము ఇంటికి తాళము పడును. గాలిలో తేమ తక్కువే గాని చెదలకు కరవు లేదు. చదువువారు లేని గ్రంథములను నదిలో కలుపు ఆచారము తెలుగునాట ఉన్నదే. సమీపమున పారు చిత్రావతిలో ఏడాదిలో పెక్కు దినములు ఇసుకయే కదా!

ఈ విషయమున భక్తులు స్మరింపదగినది తాళ్ళపాకవారి వంశము. అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. వారి సంకీర్తనములు 32,000 అని మనుమడు చిన్నన్న చెప్పెను. కుమారుడు పెద తిరుమలాచార్యులు వానిని ఆకులమీదనే విడువక రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయమున హుండీకి ఎదురుగానున్న అరలో భద్రపరచిరి. తండ్రి సొత్తును తమ యింట ఉంచుకొనలేదు. స్వామి యింట ఉంచిరి. అయినను ఒక కొరత మిగిలెను. లోహము నిలిచెను, గది నిలిచెను. చదివి పాడువారి పరంపర నిలువలేదు. 1922లో రేకులు వెలికివచ్చునాటికి రాగముల పేర్లే గాని పాడు వరుసలు తెలియవు. సంకీర్తనములలో సగము కూడ మనకు దక్కలేదు. దక్కినవానిని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, పిదప ఈ అనంతపురసీమలోనే జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఏండ్లతరబడి శ్రమించి పరిష్కరించిరి. కొన్నిటికి శర్మగారే స్వరములు కూర్చిరి.

సాలగ్రామమునకు వెల కట్టరాదు; కనుక దానిని పంపకములలో చేర్చక, నిత్యారాధనము చేయగల చేతికే అప్పగింపవలెను. కొడుకు తనవల్ల కాదన్నచో నిందింపనక్కరలేదు. ఆచార్యునికో, ఆలయమునకో సమర్పింపవచ్చును. బ్రతికియుండగనే యిచ్చి, ఆరాధనక్రమమును ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పుట మరింత మేలు.

గ్రంథములకు మొదట పట్టీ కావలెను: పేరు, ఆకుల సంఖ్య, వ్రాసినవారి పేరు. కడపటి ఆకున వ్రాయసకాని పేరు, సంవత్సరము ఉండుట కలదు, చూడక వదలరాదు. తిరుపతిలో 1939లో దేవస్థానము నెలకొల్పగా, 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచ్యపరిశోధన సంస్థ వంటి చోట్ల ముందుగా విచారించి, ఒప్పుకొన్న పిమ్మటనే పేరు వ్రాయవలెను. 1925 నాటి వారసత్వ చట్టము ననుసరించి వీలునామాపై కర్త సంతకమును, ఇద్దరు సాక్షుల సంతకములును ఉండవలెను; రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. పొలము గట్లు వ్రాసిన ఆ కాగితముననే గ్రంథములకును ఒక పంక్తి చాలును. పట్టీ ప్రతి నొకటి మందసములో పైననే ఉంచవలెను, తెరచినవారికి ముందుగా అదియే కనబడునట్లు.