ధర ముందే చెప్పడం ధర్మమా?

కుళాయిలు బాగుచేసే ప్లంబరు, వైరింగు చూసే ఎలక్ట్రీషియను, రంగులేసే కాంట్రాక్టరు తమ ధరలను వెబ్‌సైటులో పెట్టాలా వద్దా అన్నది పైకి వ్యాపారం లెక్కలాగే కనిపిస్తుంది. దాని అడుగున ఉన్నది పాత ధర్మసందేహం: తనకు తెలిసి ఎదుటివాడికి తెలియని సంగతిని బేరానికి ముందే చెప్పి తీరాలా?

క్రీ.పూ. 44లో రోమన్ తాత్త్వికుడు సిసెరో ఈ సందేహాన్నే ఒక కథగా చెప్పాడు. కరువుతో అల్లాడుతున్న రోడ్స్ ద్వీపానికి అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం తెచ్చిన వర్తకుడికి, వెనక మరిన్ని ఓడలు వస్తున్నాయని తెలుసు. చెబితే ధర పడిపోతుంది. చెప్పకపోవడం మోసం కాదని బాబిలోన్‌కు చెందిన తాత్త్వికుడు డయోజెనిస్ వాదన. చెప్పి తీరాలని ఆయన శిష్యుడు ఆంటిపేటర్ వాదన. సిసెరో ఆంటిపేటర్ పక్షాన నిలిచాడు.

కూలి విషయంలో కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. యజమానికీ పనివాడికీ కుదిరిన ఒప్పందం ఇరుగుపొరుగుకు తెలిసి ఉండాలి. ముందు మాట్లాడుకోకపోతే, చేతిపనివారికి అలాంటి పనికి ఇతరులు ఇచ్చేంత గానీ, నిపుణులు తేల్చినంత గానీ ఇవ్వాలి. ఇస్లామిక్ ధర్మశాస్త్రం కూడా కిరాయి ఎంతో తేలని ఒప్పందాన్ని ఒప్పుకోదు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు బేరమాడటాన్ని అబద్ధంగానే ఎంచి, అందరికీ ఒకే ధర పెట్టారు. మొదట గిరాకీ తగ్గినా, చిన్నపిల్లను పంపినా అదే ధరకు సరుకు వస్తుందని తెలిశాక జనం ఆ కొట్లకే వచ్చారని వారి నాయకుడు జార్జ్ ఫాక్స్ రాశాడు.

గోడ పగలగొడితే గానీ లోపలి పైపు సంగతి తెలియదని కాంట్రాక్టర్లు అంటారు. నిజమే. అయితే ఇంటికి వచ్చి చూసినందుకు తీసుకునేది, గంట కూలి, సామాను మీద వేసుకునే లాభం వారికి ముందే తెలుసు. పైపు తుప్పు పట్టి ఉంటే ఎంత నుంచి ఎంత దాకా అవుతుందో కూడా అనుభవం చెబుతుంది. గోడ పగిలి, నీళ్లు కట్టేసి, ఇంట్లో బిందెలు ఖాళీ అయ్యాక చెప్పిన ధరకు తలూపడం ఇష్టపడి ఒప్పుకోవడం కాదు. "మీకు తోచినంత ఇవ్వండి" అన్న మాట కూడా వినయంగా వినిపిస్తుంది గానీ, లెక్క తెలియనివాడి నెత్తినే భారం పెడుతుంది.

ధర పెడితే పోటీదారు పది రూపాయలు తగ్గిస్తాడన్న భయంలో కొంత న్యాయం ఉంది. ధర పక్కనే ఏ రకం సామాను, ఎన్నాళ్ల గ్యారంటీ అన్నది రాస్తే మంచి పనివాడికి ఆ భయం చాలావరకు తీరుతుంది.

భారతదేశంలో ప్యాకెట్ సరుకు మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటుంది. పిలిస్తే వచ్చి చేసే మరమ్మతుకు అలాంటి ముద్ర ఉండదు. కాబట్టి తెలిసినంత ధరను పనిముట్లు బయటికి తీయకముందే చెప్పే బాధ్యత కాంట్రాక్టరుదే.