ఎరుపు తాగే తెగులు

అనగనగా ఒక నల్లపాడు. గుంటూరును ఆనుకుని, రైలు కూడలి పక్కన ఇప్పుడున్న నల్లపాడు కాదు. మంత్రాలు పనిచేసే రోజుల్లో, ఇదే నల్లరేగడి మీద వెలిసిన మరో నల్లపాడు. ఆ ఊళ్లో మాఘం వచ్చిందంటే కల్లాలన్నీ ఎర్రగా పరుచుకునేవి. మిరపకాయ ఘాటుకి ఊరు ఊరంతా తుమ్మేది, తుమ్ముతూనే నవ్వుకునేది.

ఒక ఏడు ఆ కల్లాల్లో కాయ తెల్లబడింది. మొదట తాలుకాయ అనుకుని ఏరి పక్కన పోశారు. తెల్లారేసరికి ఏరడానికి ఎర్రకాయే మిగల్లేదు. నోట్లో వేసుకుంటే కారం లేదు, ఊక నమిలినట్టుంది. మూడోనాటికి కోడిపుంజుల తురాయిలు వెలిసిపోయాయి. ముత్తైదువల నుదుట కుంకుమ బూడిదరంగుకు తిరిగింది. తాంబూలం ఎంత నమిలినా నోరు పండలేదు. పదోనాటికి పసిపిల్లల పెదాలు పాలిపోయాయి. వాళ్లు ఏడవడం మానేశారు. వచ్చింది ఎరుపు తాగే తెగులని ఊరికి అప్పుడు అర్థమైంది. చేలో ఎరుపు అయిపోతే అది ఒంట్లో ఎరుపు తాగుతుంది.

మంత్రగాణ్ణి పిలిపించారు. "దీన్ని చంపే మంత్రం నా దగ్గర లేదు. కుండలో పట్టే మంత్రం ఒకటుంది. మూడు రాత్రులు ఆగుద్ది. నాలుగో రాత్రి కుండ దానంతటదే పగులుద్ది. ఈలోపు ఏం చేసుకుంటారో మీ ఇష్టం" అన్నాడు.

ఏం చేయాలో ఊళ్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు. రెండో రాత్రి కుండను బండికెత్తి, ఎద్దుల మెడల్లో గంటలు విప్పేసి, చౌడవరం పొలిమేరలో దించి వచ్చారు. బండి తోలింది ఊరి పెదకాపే. తెల్లారి కాయకు రంగు తిరిగింది. ఊరంతా పోలేరమ్మకు పొంగళ్లు పెట్టారు.

చౌడవరంలో పిల్లలు పాలిపోయారు. వాళ్లూ అదే మంత్రగాణ్ణి పిలిచారు, వాళ్లూ గంటలు విప్పేసి బండి కట్టారు. ఏటుకూరు, అంకిరెడ్డిపాలెం, దాసరిపాలెం. ప్రతి ఊరికీ ఒక పొరుగూరు ఉంది. చుట్టూ తిరిగి తిరిగి, ఒక తెల్లవారుజామున అది పేరేచర్ల వైపు నుంచి నల్లపాడు పొలిమేరలోనే దిగింది. వెళ్లేటప్పుడు కుండ, వచ్చేటప్పుడు గాబు. దారిలో తాగిన ఎరుపంతా దాని ఒంట పట్టింది. నల్లపాడు ఈసారి రెండు జతల ఎడ్లను కట్టింది.

పెదకాపు తన పెద్దకూతుర్ని చౌడవరమే ఇచ్చాడు. రెండో చుట్టులో ఆమె కూతురు, నాలుగేళ్ల పిల్ల, మంచం పట్టింది. కబురందగానే వెళ్లి మనవరాలి అరచేయి తెరిచి చూశాడు. అట్లతద్దికి పెట్టిన గోరింటాకు గుర్తు కూడా లేదు. "నాన్నా, ఈ మాయదారి తెగులును మా ఊళ్లో దించిపోయినోళ్ల చేతులు పడిపోను" అంది కూతురు. ఆ చేతులతోనే పిల్లకు గంజి తాపి, మారు మాట్లాడకుండా ఇంటికొచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మూడోసారి వచ్చినప్పుడు అది గాదె అంత ఉంది. నాలుగు జతల ఎడ్లకోసం ఊరు వెతుకుతుంటే కోటమ్మ రచ్చబండ దగ్గరికి వచ్చింది. కోటమ్మ మిరపకోతల ముఠాకు పెద్ద. ఆమెకు సెంటు భూమి లేదు. కానీ ఆమె ముఠా ఆరు ఊళ్ల తోటల్లోనూ కాయ కోసేది. ఆరు పొలిమేరలూ దాటి రోజూ నడిచే మనుషులు ఆ చుట్టుపక్కల ఆ ముఠావాళ్లే.

"అయ్యా, దానికి కాళ్లు లేవు" అంది. "ఇన్ని ఊళ్లు తిరిగాను. అది తనంతట తాను ఒక్క అడుగు వేయడం నేను చూళ్లేదు. ఏ పొలిమేర చూసినా బండి చక్రాల గాడే."

"అయితే ఊళ్లో పెట్టుకు కూచోమంటావా? మా కాయంతా పోదూ?" అన్నాడు ఒక ఆసామి.

"పోద్దయ్యా, ఈ ఏడు కాయ పోద్ది. మనమే తోటలు పీకి, ఎండుకాయ, పండుకాయ, కుంకుమ, కోడిపుంజులు, పసిబిడ్డలు, అన్నీ తీసుకుని ఊరు ఖాళీ చేద్దాం. కుండ పగిలినప్పుడు దానికి తాగడానికి ఎరుపే దొరక్కూడదు."

"ఊరు ఖాళీ చేసి ఎక్కడికి పోతాం? మనల్ని ఎవరు రానిస్తారు?"

దానికి కోటమ్మ బదులు చెప్పలేదు. పెదకాపు లేచాడు. మొదటిసారి బండి తోలింది తనేనని అందరి ముందూ చెప్పాడు. మర్నాడు చౌడవరం వెళ్లి, కూతురి ముందూ వియ్యంకుడి ముందూ అదే మాట చెప్పాడు. తర్వాత మిగతా నాలుగు ఊళ్లూ తిరిగాడు. తిట్టినవాళ్లు తిట్టారు. కానీ ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు తమ బండి సంగతి తాము ఒప్పుకున్నారు. చివరికి ఆ ఊళ్లన్నీ నల్లపాడు జనాన్ని ఇళ్లల్లో పెట్టుకోవడానికి, కొత్త పంట చేతికొచ్చేదాకా గింజలివ్వడానికి ఒప్పుకున్నాయి.

ఇక బయల్దేరదామనుకుంటుంటే కోటమ్మ మళ్లీ అడ్డం వచ్చింది. "తోట పీకితే ఆసాములకు పొరుగూళ్లు గింజలిస్తాయి. కోత లేకపోతే మా ముఠాకి కూలి ఎవరిస్తారు?" పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ లెక్క ఎవరికీ తోచలేదు. ఆమె అక్కడే కూర్చుంది. ఇంటికింత అని ముఠాకు కూడా గింజలు కొలిచేదాకా ఆడవాళ్లెవరూ ఒక్క మొక్క పీకలేదు.

ఊరు ఖాళీ అయింది. నాలుగో రాత్రి కుండ పగిలింది. పదిహేను రోజుల్లో తెగులు ఎండిపోవాలి, పోలేదు. ఒక రైతు అప్పు తీర్చడానికని ఒక్క బస్తా ఎండుకాయ పాతరలో దాచి వెళ్లాడు. అది తాగి తెగులు మరో పక్షం బతికింది. ఆ పక్షం కూడా పొరుగూళ్లే కూడు పెట్టాయి. ఆ తర్వాత పెదకాపు వెళ్లి చూస్తే నడివీధిలో గుప్పెడు బూడిద ఉంది.

నీతి: తెగులును పొరుగు పొలిమేరలో దించినవాడు దాన్ని వదిలించుకోలేదు, దానికి బండి కట్టాడు.

ఇది ఉత్త కల్పన కాదు. గత్తరో మశూచో వచ్చినప్పుడు అమ్మవారి కోపాన్ని ఊరి ఎల్ల దాటించే తంతులు తెలుగు పల్లెల్లో ఉండేవి. తెలుగు నేల మీద పనిచేసిన అమెరికన్ మిషనరీ ఎల్మోర్ 1915లో, మద్రాసు బిషప్ వైట్‌హెడ్ 1916లో గ్రామదేవతల మీద అచ్చువేసిన పుస్తకాల్లో ఇలాంటివి నమోదు చేశారు. ఆ తంతులు చేసిన పెద్దల్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. రోగం ఎలా పాకుతుందో తెలియని రోజుల్లో, బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే, ఏ తల్లి అయినా చేతనైన దారి పడుతుంది. అయితే మశూచి పొలిమేర దాటిస్తే పోలేదు. ఎక్కడ రోగి కనిపిస్తే అక్కడే ఆపి, చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకాలు వేసుకుంటూ పోతే పోయింది. మన దేశంలో అది 1975తో ఆగింది, 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. కోటమ్మ అడిగింది కూడా ఉన్నచోటే ఆపమని.

చేలల్లో మాత్రం బండ్లు ఆగలేదు. 1980ల మొదట్లో పత్తికి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. కాయతొలుచు పురుగు రాలిపడటం చూసి రైతు సంబరపడ్డాడు. దాంతోపాటే తెల్లదోమను అదుపులో ఉంచే అక్షింతల పురుగులు, సాలీళ్లు, పరాన్నజీవులు కూడా పోయాయి. పక్కవాడు కొడితే పురుగు మన చేలోకి వస్తుందన్న భయంతో ప్రతివాడూ ఇంకో ట్యాంకు కొట్టాడు. 1984-85లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ఈ నేల మీద అప్పులపాలైన పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశమంతా వింది. వాళ్లు చేతకాని రైతులు కాదు. కొట్టమన్న మందే కొట్టారు, తమ గట్టు లోపల చేయగలిగిందంతా చేశారు. కానీ దోమకు గట్టు లేదు.

మళ్లీ 2021లో నల్లతామర పురుగు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. ఆరేళ్లకు ఆంధ్ర, తెలంగాణ మిరప పూతలోకి దిగింది. పువ్వులో దూరి కూర్చుంటుంది కాబట్టి మందు సరిగా తగలదు. పూత రాలిపోతుంది, నిలిచిన కాయ వంకరపోతుంది. ఎర్రగా కల్లం నిండాల్సిన చోట తోటలు దున్నేసిన రైతులున్నారు. నీలిరంగు జిగురు అట్టలు కట్టమని, మందు మీద మందు కొట్టవద్దని శాస్త్రవేత్తలు చెప్పారు. మంచి మాటే. కానీ ఒక్కడు ఒక్క ఎకరంలో కడితే పక్క తోటలోంచి మళ్లీ లేచి వస్తుంది. ఊరంతా ఒక్కసారి కట్టాలి, పాడైన తోటలు ఊరంతా ఒక్కసారి పీకాలి.

ఇక్కడే కోటమ్మ కూలి గురించి అడిగిన ప్రశ్న గుర్తుంచుకోవాలి. కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. తెగులుకు కాళ్లు లేవని తెలిసినంత మాత్రాన బండి ఆగదు. ఆపడం వల్ల వచ్చే నష్టం ఎవరు మోస్తారో తేలితేనే ఆగుతుంది. ఒక్క బస్తా దాచిన రైతు చెడ్డవాడు కాదు, అతని నెత్తిన అప్పుంది.

ఈ నేల మీద మిరప వేసేవాళ్లలో కౌలు రైతులు చాలామంది. కౌలు ముందే కట్టేస్తారు, విత్తనానికీ మందులకూ అప్పు తెస్తారు, కోత కూలీలకు విడిగా వెతుక్కుంటారు. అలాంటివాణ్ణి తోట పీకేయమంటే పీకడు, పీకలేడు. చివరి ఆశగా ఇంకో మందు కొడతాడు. కౌలు రైతుకు పంట నష్టపరిహారం అందాలంటే సాగుదారు కార్డు ఉండాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఆ కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమాని జంకుతాడు. ఆ సంతకం లేకపోయినా పంట వేసినవాడికే పరిహారం చేరే దారి ముందు చూడాలి. కోత కూలి కోల్పోయే ముఠాలకూ అందులో లెక్క రాయాలి. అవి రెండూ జరిగిన తర్వాత, నీ తోట పీకు, ఊరి కోసం పీకు అని అతని గట్టు మీద నిలబడి అడగొచ్చు.