తమ్ముని ఆపద దినాన



పాత నిబంధనలో అన్నిటికంటె చిన్న గ్రంథం ఓబద్యా ప్రవక్తది. ఒకే అధ్యాయం, 21 వచనాలు. ఆమోసుకూ యోనాకూ నడుమ ఒదిగి ఉంటుంది గనుక బైబులు తిప్పేటప్పుడు చాలామంది దాటిపోతారు.

ఏసావు సంతతివారు ఎదోమీయులు, యాకోబు సంతతివారు ఇశ్రాయేలీయులు. ఒకే తల్లి కడుపున పుట్టిన కవలల బిడ్డలన్నమాట. మృతసముద్రానికి దక్షిణాన ఎర్రటి రాతికొండల్లో ఎదోమీయులు కాపురముండేవారు. అంత ఎత్తున ఉన్న తమను ఎవరూ కిందికి దించలేరని గర్వించారు. మార్కాపురం వారికి రాతి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పలకరాయి ఎంత గట్టిగా కనిపించినా, పనివాడు పొర చూసి ఉలి పెడితే విడిపోతుంది. ఎదోములోనూ అలాంటి పొర ఉంది. తోబుట్టువు మీద ప్రేమ లేదు.

క్రీ.పూ. 587 ప్రాంతంలో బబులోనియా సైన్యం యెరూషలేమును కూల్చింది. ఆనాడు ఎదోము మొదట దూరంగా నిలబడింది. తర్వాత చూచి సంతోషించింది. ఆపైన గుమ్మం దాటి వచ్చి సొమ్ము పట్టుకుపోయింది. చివరకు దారిలో కాపుకాసి, పారిపోయే వారిని శత్రువుకు అప్పగించింది. మనం ద్రోహమంటే ఈ చివరి మెట్టే అనుకుంటాం. ప్రవక్త మాత్రం ఊరక నిలబడి చూచిన మొదటి మెట్టును కూడా లెక్కలో వేశాడు.

వానలు తప్పిన ఏడు గిద్దలూరు, కొమరోలు, తర్లుపాడు వైపు పల్లెల సంగతి మీకు తెలుసు. బోరు ఎండి, అప్పు తీరక తమ్ముడు పిల్లాజెల్లాతో హైదరాబాదుకు కూలికి బయలుదేరతాడు. "మిరప వేయొద్దురా అంటే విన్నాడా?" అంటాడు అన్న. తమ్ముడి ఎద్దులను సగం ధరకు కొంటాడు. ఎవరో ఒకరు కొనేదేగదా అని సర్దిచెప్పుకుంటాడు. మరుసటి ఏడు గట్టు మూరెడు జరుగుతుంది. క్రిస్మసుకు తమ్ముడు ఊరికి వస్తే ఇద్దరూ ఒకే పూజకు వస్తారు. శాంతిని తెలుపుకొనండి అని గురువు అనగానే ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు తిరుగుతారు. తర్వాత ఇద్దరూ దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు!

ఎదోమీయులనే తర్వాతి కాలంలో ఇదూమయులన్నారు. మహా హేరోదు ఆ వంశంవాడే. యాకోబు సంతతివాడైన క్రీస్తునాథుడు బందీగా నిలబడింది అతని కుమారుడు హేరోదు అంతిపా ఎదుటనే. అంతిపా విడిపించలేదు. ఎగతాళి చేసి, మెరిసే వస్త్రం తొడిగించి, పిలాతు దగ్గరకు తిప్పి పంపాడు. ఆరు వందల ఏండ్లు దాటినా అదే యెరూషలేము, అదే పని.

అయితే ఏసావును ఈ లెక్కలో కలపకండి. తనను మోసగించిన తమ్ముడు భయపడుతూ వస్తుంటే, నాలుగు వందల మంది మనుషులు వెంట ఉండి కూడా, ఏసావు పరుగెత్తి ఎదురుపోయి కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. తమ్ముడు కానుకగా తెచ్చిన మందలను, తనకు చాలినంత ఉందని మొదట వద్దన్నాడు. అది ఆదికాండము 33వ అధ్యాయం. ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఓబద్యాతో పాటు దాన్ని కూడా చదవండి. ఇంట్లో అన్నదమ్ములలో పెద్దవాడు చదివితే మరీ మంచిది.